మోకాలి వాషర్

నక్కవాగు పొంగి, పటాన్‌చెరు అవతల బొంబాయి సడక్ మీద నడుములోతు నీళ్లు పారిన యేడు ఒకటుంది. రెండు రోజులు ఇటు బస్సులు ఇటే, అటు బస్సులు అటే నిలిచిపోయాయి. ఆ వరద వచ్చిన మూడో యేడు, ఉగాది వెళ్లిన పది రోజులకు, అహరోను మోకాలు తాళం పడింది.

తాళం పడింది అన్నమాట అతనిదే. తర్వాత పెద్ద డాక్టరుకు కూడా అంతకన్న మంచి మాట దొరకలేదు.

అహరోను ఉండేది చిట్కుల్‌లో. పని ఇస్నాపూర్ దారిలో ఉన్న పోత ఇనుము ఫ్యాక్టరీలో. నీళ్ల పంపులకు పైన వచ్చే ఇనుప డొల్లలకు ఇసుకలో అచ్చులు తీస్తాడు. షెడ్డు నేలంతా నల్ల ఇసుకే. కింద ఒక పెట్టె, దాని మీద ఒక పెట్టె, రెండింటిలో ఇసుక దిమ్మిసకొట్టి, నడుమ డొల్ల ఆకారం తొలిచి, మళ్లీ మూస్తారు. పై బొక్కలోంచి కరిగిన ఇనుము పోస్తారు. ఈ పనంతా గొంతుక్కూర్చుని చేయాలి. పొద్దున సైరన్‌కు కూర్చుంటే అన్నాల వేళకే లేవడం. పదకొండేళ్లుగా అహరోను అలాగే కూర్చున్నాడు. అతను తీసిన అచ్చులో పోసిన డొల్ల వంకరపోయి వెనక్కి వచ్చిందన్న మాట లేదు.

ఆ రోజు పై పెట్టె ఎత్తి పక్కకు పెడుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నడుము తిప్పాడు. మోకాల్లో కటుక్కుమంది. కాలు సగం మడతలో ఆగిపోయింది. చాపబోతే చాచుకోదు, మడవబోతే మడవదు. ఒక మోకాలు ఇసుకలో ఆనించి అలాగే ఉండిపోయాడు.

పక్క షెడ్డులో లేతు మిషన్ నడిపే నాగేశ్వర్ అటుగా పోతూ చూశాడు.

"ఏందే అహరోను, గిక్కన్నే ప్రార్థన మొదలువెట్టినవా? ఆదివారం దాక ఆగకపోతివి."

"కాలు వస్తలేదు," అన్నాడు అహరోను.

స్టోరు కిటికీలోంచి పెద్దరాములు ఆ మాట విన్నాడు. స్టూలు దిగి వచ్చాడు. ఒకప్పుడు అతనూ అచ్చులు తీసినవాడే. ఏడేళ్ల కింద అదే కాలు, అదే కటుక్కు. పట్నం పోయి మోకాలు కోయించుకుని వచ్చాక నడక బాగానే కుదిరింది గాని గొంతుక్కూర్చోవడం మళ్లీ రాలేదు. అప్పటినుంచి స్టోరు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని అడిగినవాళ్లకు ఆకురాళ్లు, మేకులు అందిస్తాడు.

రాములు అహరోను మడమ పట్టుకుని, పిండి జల్లించినట్టు మెల్లగా ఇటూ అటూ ఆడించాడు. లోపల ఏదో జారింది. కాలు చాచుకుంది.

"నాది గుడ గిట్లనే షురువైంది తమ్మి," అని మాత్రం అన్నాడు.

ఆ నెలలో మోకాలు ఇంకా నాలుగుసార్లు తాళం పడింది. ఒకసారి చర్చిలో ప్రభురాత్రి భోజనానికి మోకరించినప్పుడు. పాస్టరు రొట్టె ఇచ్చాడు, గిన్నె ఇచ్చాడు, వరుస అంతా లేచి పోయింది. అహరోను లేవలేదు. ఇంకో వరుస వచ్చి మోకరించి పోయింది. అప్పటికీ లేవలేదు. వెనక బెంచీ ఆడవాళ్లు అతని భక్తి చూసి తలలూపారు. అతని భార్య హన్నాకే సంగతి తెలుసు. ముసుగు సర్దుకుని ముందుకు వెళ్లి, మడమ పట్టి ఆడించింది.

ఫోర్‌మన్ బద్రీనాథ్ చెడ్డవాడేం కాదు. పిలిచి సాఫుగా చెప్పాడు.

"దసరా దాక నీ జాగ ఎవ్వరికియ్య. గప్పటికి గొంతుక్కూసుంటివా, నీ జాగ నీదే. లేకుంటె రాములు పక్కన ఇంకో స్టూలు వేయిస్త. నౌకరి ఎక్కడికి పోదు, ఫికర్ చెయ్యకు."

నౌకరి పోదన్న మాటకు అహరోనుకు సంతోషం కలగలేదు. ఆ సాయంత్రం తన పనిముట్లు, చిన్న తాపీ, గరిటె, ఇనుప తీగె, అన్నీ గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"ఇగ పోవా ఏంది, గివన్ని తెచ్చినవ్?" అంది హన్నా.

"తుప్పు వడ్తయని."

పదకొండేళ్లలో అవి ఒక్కనాడూ ఇంటికి రాలేదని హన్నాకు తెలుసు.

ఫ్యాక్టరీ దవాఖానా చిట్టీ రాసిచ్చింది. పట్నంలో పెద్ద ఆస్పత్రి. ఎముకల డాక్టరు పేరు నరసరాజు. కోస్తా మనిషి, తల నెరిసింది. మోకాలు వంచి, తిప్పి, నొక్కి చూశాడు. ఫ్యాక్టరీ మనిషికి తెలియాలని ఫ్యాక్టరీ మాటల్లోనే చెప్పాడు.

"చూడు అహరోనూ, మోకాల్లో రెండు ఎముకల మధ్య వాషర్లు ఉంటాయి. మెత్తటివి. నీకు లోపలి వైపుది చిరిగింది. ఆ చిరుగు మడతపడి మధ్యలో ఇరుక్కుంటోంది. అందుకే తాళం పడుతోంది. వాషర్ తీసెయ్యాలి. వచ్చే నెల ఐదో తేదీన వచ్చి చేరు."

అహరోను తలూపాడు. మాటలు తక్కువ మనిషి కదా, ఏమీ అడగలేదు. వాషర్ సంగతి అతనికి తెలియనిదా? షెడ్డులో పాత వాషర్ తీశారంటే కొత్తది వేయడానికే.

మరునాడు అన్నాల వేళ షెడ్డులో ఇదే మాట.

"దవాఖానల మంచివి ఉంటయా అని నా అనుమానం," అన్నాడు నాగేశ్వర్. "సర్కారు మాలు ఎట్లుంటదో ఎర్క లేదా? మనమే చేసుకపోదం. గన్‌మెటల్ కంచుల కోసి ఇస్త, ముప్పై ఏండ్లు అరగది."

"కంచు లోపల ఉంటె సలికాలం గుంజుతది," అన్నాడు అహరోను.

"మరి రబ్బరు?"

"నూనెకు ఉబ్బుతది."

"మోకాల్ల నూనె ఏడుంటది?"

"మరి ఏమన్న ఉంటది గద, లేకుంటె తిరుగుతదా?"

చివరికి తోలుదే ఖాయమైంది. బోరింగు పంపులో వేసే మందపాటి తోలు. నాగేశ్వర్ కొలత పట్టే కాలిపర్ తెచ్చి అహరోను మోకాలిని ఈ పక్కనుంచి ఆ పక్కకు, ముందు నుంచి వెనక్కి కొలిచాడు. చర్మానికి ఇంత, మాంసానికి ఇంత అని తీసేసి సుద్దతో నేల మీద గీసి, ఆ గీతకు తోలు కోశాడు. పెద్దరాములు కిటికీలోంచి చూస్తున్నాడు.

"అన్న, నీకు ఏం వాషర్ వేసిండ్రు?" అని అడిగాడు నాగేశ్వర్.

"నాకేమెర్క. మత్తు ఇచ్చిండ్రు. లేచేసరికి కట్టు కట్టి ఉండె," అన్నాడు రాములు. కొంచెం ఆగి, "ఏమన్న వేసిండ్రా అని నేను గుడ అడగలే," అన్నాడు.

హన్నా ఆ తోలు వాషర్‌ను వేడినీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఉతికిన రుమాలులో చుట్టింది.

ఐదో తేదీన ఆస్పత్రి మంచం మీద అహరోను ఆ రుమాలు విప్పి డాక్టరు చేతిలో పెట్టాడు.

"ఏమిటిది?"

"వాషర్ సార్. కొత్తది. కొలత తీసుకున్నం. పనికొస్తదో లేదో మీరే సూడుండ్రి."

పక్కనున్న నర్సు జయశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. డాక్టరు నవ్వలేదు. వాషర్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. అంచులు నున్నగా రుద్ది ఉన్నాయి.

"కొత్తది వెయ్యమయ్యా. వేసేది ఏమీ లేదు. తీసెయ్యడమే."

అహరోను కాసేపు డాక్టరు ముఖం చూశాడు.

"మరి వాషర్ లేకుండ ఎట్ల నడుస్తది సార్?"

డాక్టరు గుండ్రటి స్టూలును మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నడుస్తుంది. చాలా ఏళ్లు నడుస్తుంది. తర్వాత ఎముకా ఎముకా రాసుకుంటాయి. నువ్వు అడిగింది సరైన మాటే. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు."

"గొంతుక్కూసుండొస్తదా?"

"కొందరికి వస్తుంది. కొందరికి రాదు."

హన్నా మంచం కోళ్ల దగ్గర నిలబడి ఉంది. "ఈయన పని గొంతుక్కూసునుడే సార్," అంది. "గది రాకుంటె స్టూలు మీద కూసునవెడ్తరట. ఈయన స్టూలు మీద కూసునే మనిషి కాదు."

డాక్టరు జయశీలతో ఏదో చెప్పాడు. ఆమె వెళ్లి పొడుగాటి చెక్కపెట్టె తెచ్చింది. లోపల పచ్చ గుడ్డ మీద పెన్సిలు కన్న కాస్త లావున్న ఉక్కు గొట్టం. ఒక చివర అద్దం, ఇంకో చివర కన్ను పెట్టి చూసే బిళ్ల, పక్కనుంచి దీపానికి తీగె.

"దుర్బిణి," అన్నాడు డాక్టరు. "దీన్ని మోకాల్లోకి పంపి లోపల చూడవచ్చు. ఇంకో బొక్కలోంచి సన్న కత్తెర పంపి చిరిగిన ముక్క వరకే కత్తిరించవచ్చు. మిగిలిన వాషర్ అక్కడే ఉంటుంది. ఎంత మిగిలితే అంత నీదే. పెద్ద కోత, పెద్ద కట్టు, ఇవేమీ ఉండవు. కానీ ఉన్నది చెబుతాను విను. మోకాలు కోసి తీసినవి నేను లెక్కపెట్టుకోలేదు, అన్ని చేశాను. ముప్పావు గంట పని. దీంతో చేసినవి తొమ్మిదే. రెండు గంటలు పడుతుంది, మెడ పట్టేస్తుంది. ఆ తొమ్మిదిలో రెండింట్లో సరిగా కనపడక చివరికి కోయవలసి వచ్చింది. అందుకే నీకు మామూలు పద్ధతే రాశాను."

"ఒకసారి సూడొచ్చా?" అన్నాడు అహరోను.

జయశీల దీపం వెలిగించింది. అహరోను ఎడమ కన్ను మూసి, గొట్టం చివర తన బొటనవేలు పెట్టుకుని చూశాడు. వేలి గీతలు పొలం సాళ్లంత వెడల్పున్నాయి. ఒక సాలులో నల్ల ఇసుక రవ్వ ఇరుక్కుని ఉంది. ఎన్నిసార్లు సబ్బు రుద్దినా పోనిది. చాలాసేపు చూశాడు.

"కోసినప్పుడు మీకు ఎనక దిక్కు కనవడ్తదా సార్?"

"కనపడదు. తడిమి తీస్తాను. మొత్తం తీసేస్తేనే ముక్క మిగల్లేదని ధైర్యం."

"మేము గుడ గీ గొట్టం లెక్కనే సూస్తం," అన్నాడు అహరోను. "పై పెట్టె మూసినంక లోపల ఇసుక రాలిందా లేదా తెల్వది. రాలితె డొల్లకు బొక్కవడ్తది. సూద్దమని పెట్టె మళ్ల లేపితిమా, మంచిగున్న గోడ గుడ కూలుతది. గందుకే లేపం. అద్దం ముక్కకు ఎండ వట్టి, ఇనుము పోసే బొక్కలకెళ్లి లోపలికి కొడ్తం. రాలిన రవ్వ కనవడ్తది. తడి తీగె పంపి, కొసకు అంటుకున్నదాన్ని మెల్లగ పైకి తీస్తం. గోడకు తాకొద్దు. గంతే పని."

హన్నా అతని వైపు వింతగా చూసింది. "పెండ్లైన కాడికెళ్లి ఇన్ని ముచ్చట్లు ఒక్కపారి చెప్పంగ నేను ఇనలే," అంది.

డాక్టరు దుర్బిణిని గుడ్డలో పెట్టాడు. "అలా తీయడం చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లు పట్టింది నీకు?"

"రెండేండ్లు. మొదట్ల శాన పెట్టెలు కూలగొట్టిన."

"నాకు తొమ్మిదే."

"పదోది నాదే కానియ్యిండ్రి."

"కనపడకపోతే కోసేస్తాను. తర్వాత నన్నేమీ అనకూడదు."

"కోయిండ్రి. సూడకుండ మాత్రం కోయకుండ్రి."

నడుము కింద సూది వేశారు. కాళ్లు తనవి కానట్టయిపోయాయి. నడుమ పచ్చ తెర కట్టారు. అహరోనుకు తెర అవతల ఏమీ కనపడదు, అంతా వినపడుతుంది. మోకాల్లోకి ఉప్పునీళ్లు పోతున్నాయి, కింద బకెట్లోకి కారుతున్నాయి. డాక్టరు ఊపిరి వినపడుతోంది. ఎక్కువసేపు ఎవరూ మాట్లాడలేదు. పనిలో ఉన్నవాడు మాట్లాడడని అహరోనుకు తెలుసు. అందుకే ఆ నిశ్శబ్దం అతనికి బాగానే ఉంది.

అంతలో డాక్టరు, "మసకగా ఉంది," అన్నాడు. "నీళ్లు ఎక్కువ వదులు." మళ్లీ కాసేపటికి, "కనపడ్డం లేదు జయశీలా. కత్తి ఇవ్వు," అన్నాడు.

పళ్లెంలో కత్తి కదిలిన చప్పుడయింది. అహరోను తెర వైపు చూస్తూ పడుకున్నాడు. కోయమన్నది తనే. పెట్టె లేపక తప్పని రోజులు తనకూ ఉన్నాయి. అయినా స్టోరు కిటికీ, దాని వెనక పక్కపక్కన రెండు స్టూళ్లు కంటి ముందు ఆడాయి.

బకెట్లో నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"ఆగు," అన్నాడు డాక్టరు. "కాలు కొంచెం బయటికి వంచి పట్టు. ఇంకా. చాలు. ఇదిగో, ఇక్కడుంది." పళ్లెంలో కత్తి తిరిగి పెట్టిన చప్పుడు. "కత్తెర ఇవ్వు. సన్నది."

ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో అహరోనుకు గుర్తులేదు. తెర మీదుగా డాక్టరు ఒక గిన్నె చూపించాడు. అందులో లేత కొబ్బరి పొరలా తెల్లటి పేలిక, చిటికెనవేలి గోరంత.

"మిగిలింది?" అన్నాడు అహరోను.

"నాలుగింట మూడు వంతులు అక్కడే ఉంది."

మూడో రోజున ఇంటికి పంపారు. పోయే ముందు జయశీల వచ్చి, "ఆ తోలుముక్క పారేస్తరా ఏంది? మా వార్డుల నల్లా కారుతున్నది, ఆర్నెల్లయ్యె, అడిగితె ఎవరు వస్తలేరు," అంది. అహరోను మంచం మీద కూర్చునే కత్తెరతో చుట్టూ తగ్గించి ఇచ్చాడు. కర్ర పట్టుకుని వెళ్లి నల్లా ఎట్లా విప్పాలో చూపించాడు కూడా. నల్లా కారడం ఆగింది. ఆ వార్డులో అతని ఆపరేషన్ కన్న ఆ నల్లా సంగతే ఎక్కువ చెప్పుకున్నారు.

ఇంటికి వచ్చిన వారంలో షెడ్డు వాళ్లంతా చూడ్డానికి వచ్చారు. నాగేశ్వర్ మోకాలి మీదికి వంగి వెతికాడు. చిప్పకు ఇటొకటి అటొకటి, జొన్నగింజంత మచ్చలు.

"గింతేనా? దోమ కుట్టినా గింతకన్న పెద్దగైతది. ఇగో అహరోను, ఆయన నిన్ను మోసం చేసిండే. సూది గుచ్చి పంపిండు."

"ముక్క సూసిన," అన్నాడు అహరోను.

"గది ఎవని ముక్కనో."

పెద్దరాములు తన ధోవతి పైకి జరిపి, తన మోకాలు అహరోను మోకాలి పక్కన పెట్టాడు. చిప్ప పక్కనుంచి నాలుగు వేళ్ల పొడుగు గాటు, కుట్ల గుర్తులతో జెర్రిలా ఉంది. ఇద్దరూ కాసేపు రెండు మోకాళ్లనూ చూశారు.

"నేను ఇరవై రోజులు పండుకున్న," అన్నాడు రాములు. "మూడు నెలలు కర్ర." అంతే అని ధోవతి దించుకున్నాడు. హన్నా చాయ తెచ్చింది. రాములు తాగలేదు, చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "చెల్లె, ఎనిమిది వారాల దాక వీనిని గొంతుక్కూసోనియ్యకు. ఆగడు వీడు," అని చెప్పిపోయాడు.

ఆగడని హన్నాకూ తెలుసు. డాక్టరు చెప్పినట్టు కాలి మడమకు ఇసుక సంచి కట్టి, మంచం మీదనుంచి కాలు లేపించేది. ఉదయం నలభై, సాయంత్రం నలభై. ఆమె లెక్కపెట్టేది, అతను లేపేవాడు. పొద్దున చెంబు పట్టుకుని పోయే దగ్గర మాత్రం పెద్ద చిక్కొచ్చింది. నాగేశ్వర్ ఒక పాత కుర్చీ నడుమ చెక్క గుండ్రంగా కోసి తెచ్చి ఇచ్చాడు. దాని గురించి షెడ్డులో రెండు నెలలు నవ్వుకున్నారు. అహరోను కూడా నవ్వాడని హన్నా చెబుతుంది గాని చూసినవాళ్లు లేరు.

ఎనిమిదో వారం చూపించుకోవడానికి పోతుంటే పెద్దరాములు కూడా బస్సెక్కాడు. పట్నంలో పనుందన్నాడు. ఏం పనో చెప్పలేదు.

డాక్టరు మోకాలు పూర్తిగా వంచి చూశాడు, తిప్పి చూశాడు. తర్వాత లేచి నిలబడి, "కూర్చో," అన్నాడు. "నీ షెడ్డులో కూర్చున్నట్టు."

అహరోను చెప్పులు విడిచాడు. చేయి దేనికీ ఆనించలేదు. మెల్లగా దిగాడు. సగం మడతకు వచ్చేసరికి ఆగాడు. అక్కడే కదా అది పట్టుకునేది. అహరోను ఇంకా దిగాడు. పిక్కకు తొడ ఆనింది, మడమలు నేల మీదే ఉన్నాయి. అలాగే కూర్చున్నాడు. ఎంతకూ లేవకపోతే డాక్టరే, "చాలు, లే," అన్నాడు.

"జెర ఆగుండ్రి సార్," అన్నాడు అహరోను.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రాములును డాక్టరు అప్పుడు గమనించాడు. దగ్గరికి పిలిచి ధోవతి పైకి తీయించాడు. గాటు మీద వేలు పెట్టి పై నుంచి కిందికి రాశాడు.

"ఇది నా చెయ్యే," అన్నాడు. "ఎప్పుడు?"

"ఏడేండ్లయితుంది సార్. మీకు యాది ఉండది."

"పూర్తిగా తీసేశాను కదా?"

"ఏమో సార్. గదే అడుగుదమని వచ్చిన. లోపల ఏమన్న వేసిండ్రా అని."

"వెయ్యలేదు రాములూ. అప్పుడు నాకు వచ్చింది అదే."

రాములు తలూపాడు. "తాళం పడుడు బందయింది సార్. సంగారెడ్డి దాక సైకిల్ తొక్కుకుంట పోత, వస్త. మీరు తీయకుంటె కుంటుకుంటనే ఉంటుంటి." ధోవతి దించుకుని, కింద కూర్చున్న అహరోనుకు చేయి అందించాడు. "లేవే ఇగ. పొద్దూకెదాక గిట్లనే కూసుంటవా?"

అహరోను ఆ చేయి పట్టుకోలేదు. తనంతట లేచాడు. లేచాక పట్టుకున్నాడు. బస్టాండు దాకా ఇద్దరూ అలాగే నడిచారు. బస్సులో కిటికీ పక్క సీటు రాములుకు ఇచ్చాడు. పటాన్‌చెరు దాటేసరికి రాములు ముఖం గాలికి తేటగా ఉంది.

దారిలోనే దిగి ఫ్యాక్టరీకి పోయి బద్రీనాథ్‌కు డాక్టరు చిట్టీ ఇచ్చారు. దసరాకు ఇంకా నెలన్నర ఉంది. బద్రీనాథ్ చిట్టీ చదివి, "రేపొస్తవా, సోమారం వస్తవా?" అని అడిగాడు.

మరునాడు సైరన్ మోగకముందే అహరోను పనిముట్ల మూటతో షెడ్డులో ఉన్నాడు. అతని జాగలో రెండు నెలలుగా ఎవరూ కూర్చోక ఇసుక గడ్డకట్టింది. నీళ్లు చల్లి, పారతో తిరగేసి, జల్లించాడు. గోనెసంచి పరిచి గొంతుక్కూర్చున్నాడు. కింది పెట్టె నింపి దిమ్మిసకొట్టాడు, పై పెట్టె నింపాడు. అన్నాల వేళకు అందరూ లేచి పోయారు. అతను లేచి, నడుము వెనక్కి విరుచుకుని, రెండో అచ్చుకు పెట్టె జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు.